అన్ని మందుల పథ్యం

ఆ గదిలో ఉన్నవాళ్ళం ముగ్గురం: మామ, అత్త, నేను. ఉన్న వస్తువులు: ఒక నవారు మంచం, రెండు చాపలు, ఒంటి బర్నరు గ్యాస్ స్టవ్వు, నీళ్ళ క్యాను, వారం రోజుల అరలున్న మాత్రల పెట్టె, నా ల్యాప్‌టాప్, అత్త ఒంటిమిట్ట నుంచి తెచ్చుకున్న రాముడి పటం, కిటికీ చువ్వలకు క్లిప్పులతో బిగించిన నాలుగు ఎమ్మారై ఫిల్ములు.

ఫిల్ములు బిగించింది నేనే, చూసుకోవడానికి. కర్నూల్లో ఆసుపత్రికి దగ్గరగా ఉందని తీసుకున్న అద్దె గది అది. కిటికీ పడమటి వైపుకు ఉండేది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ ఫిల్ముల్లోంచి దిగి గచ్చు మీద పడేది. మామ తల లోపలి భాగం చిన్న చిన్న గుండ్రటి బొమ్మలై, బూడిద కలిసిన నీలం రంగులో, చాపల మీదుగా జరుగుతూ సాయంత్రానికి గోడ ఎక్కేది. ఎడమ నుదుటి వెనక ఒక తెల్ల మచ్చ. ఒక బొమ్మలో చుక్కంత కనిపించి, తర్వాతి బొమ్మల్లో పెరిగి, మళ్ళీ తగ్గి మాయమయ్యేది. ఏడో బొమ్మలో మొదలు, పదమూడో బొమ్మలో ఆఖరు. మామ ఆ నీడల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చుని వాటిని చూసి నవ్వేవాడు. తన కాలి మీద పడ్డ బొమ్మను ఒకసారి చేత్తో దులిపాడు కూడా.

మామ మా అమ్మకు తమ్ముడు. మైదుకూరులో పసుపు వ్యాపారం. కొట్టు ముందు బస్తాలు దిగినప్పుడు ఎవరి మాటా వినేవాడు కాదు. బస్తా నడుములోకి చెయ్యి దూర్చి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. బాగా ఎండిన కొమ్ము విరిగితే కంచు గిన్నెకు గోరు తగిలినట్టు సన్నగా మోగుతుంది. లోపల తడి ఉంటే మోగదు. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం నలభై బస్తాల పచ్చి సరుకును ఒక్క కొమ్ము కూడా విరవకుండా దించుకున్నాడు. ఏమైందని అత్త అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మాకు తెలిసిన మొదటి లక్షణం అదే. తలనొప్పి, వాంతులు తర్వాత వచ్చాయి.

బెంగళూరులో ఆపరేషన్ చేసి ఆ గడ్డను తీయగలిగినంత తీశారు. మిగిలినదాని కోసం కర్నూల్లో రేడియేషన్ అన్నారు. మొత్తం ముప్పై సిట్టింగులు, వారానికి ఐదు, వాటితో పాటు మాత్రలు. నేను కర్నూలు దగ్గర ఒక సోలార్ ప్లాంటులో పని చేస్తాను కాబట్టి మామను, అత్తను నా దగ్గరికి పిలిపించుకున్నాను. మొదటి రోజు డాక్టరమ్మ రెండు విషయాలు చెప్పింది. ఒకటి, మొదలుపెట్టాక మధ్యలో ఆగకూడదు. రెండు, మనిషి బరువు తగ్గకూడదు.

రెండో దానికి కారణం నాకు వెంటనే అర్థమైంది. వేడి నీళ్ళలో మెత్తబడే వలలాంటి ప్లాస్టిక్ పలకను మామ మొహం మీద పరిచి అచ్చు తీశారు. చల్లారాక అది గట్టి మాస్కు అయింది. ప్రతి సిట్టింగులోనూ ఆ మాస్కు మొహానికి తొడిగి, బల్లకు బిగిస్తారు, తల కదలకుండా. కిరణాలు పడాల్సిన చోటు మిల్లీమీటర్ల లెక్క. మొహం చిక్కితే మాస్కు వదులవుతుంది. మాస్కు వదులైతే తల కదులుతుంది. నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్, కొలిచే పరికరాల చదువు. బిగువు పోయిన పరికరంతో ఏం జరుగుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ అప్పటికి నా మనసు మాస్కు మీద లేదు. మామకు జబ్బని తెలిసిన రోజు నుంచి అందరి ఫోన్లలోంచి మందులు రావడం మొదలైంది. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం. గోధుమ గడ్డి రసం. సాంబ్రాణి మాత్రలు. గంజాయి నూనె. వండకుండా తినడం. పిండి పదార్థం పూర్తిగా మానేసి కొవ్వు మాత్రమే తినడం. ఆప్రికాట్ గింజలు. గోమూత్రం. అన్నిటికంటే ఎక్కువ మంది చెప్పింది పసుపు. ముప్పై ఏళ్ళు పసుపు దుమ్ము పీల్చిన మనిషికి పసుపు చెప్పారు. అత్త వీడియోలన్నీ నాకు పంపేది. "నువ్వు సదువుకున్నోడివి. ఏది నిజమో సూడు అల్లుడా" అని ఒక్క మాట కింద పెట్టేది.

అన్నీ చూస్తానని మాటిచ్చాను. ఒక పట్టిక మొదలుపెట్టాను. ఒక్కో మందుకు ఒక్కో వరుస. గడులు ఆరు: మందు పేరు, ఎవరు చెప్పారు, ఏం చేస్తుందంటున్నారు, దేని మీద పరీక్షించారు, ఆసుపత్రి మాత్రలతో తగాదా ఉందా, పథ్యం ఏమిటి. ఆ చివరి గడి మొదట లేదు. మా వాళ్ళలో ఏ మందు చెప్పినవాళ్ళయినా దాని పథ్యం చెప్పకుండా వదలరు. వినీ వినీ చివరికి దానికీ ఒక చోటిచ్చాను.

ఆ రోజులు గుర్తు చేసుకుంటే నాకు ఒకే పొడవాటి మధ్యాహ్నంలా కనిపిస్తాయి. ప్లాంటులో వేల సోలార్ పలకలు ఆకాశం వైపు మొహం ఎత్తి నిలబడి ఉండేవి. వాటి కింద సన్నని నీడలో కూర్చుని ఫోనులో వ్యాసాలు చదివేవాణ్ణి. తెలియని మాటలకు అర్థాలు వెతుక్కుంటూ, ఒక వ్యాసం కింది నుంచి ఇంకో వ్యాసంలోకి జారిపోయేవాణ్ణి. తలెత్తితే ఎండలో అంతా వణుకుతూ ఉండేది. ఎర్రనేల, తీగలు, దూరంగా గాలిమరలు, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు. కళ్ళు మూస్తే రెప్పల వెనక గడులు కనిపించేవి, కొన్ని నిండినవి, కొన్ని ఖాళీవి. వరుసలు ముప్పై ఏడయ్యాయి.

నాలుగో గడిలో మూడు రకాల మాటలే రాశాను. గాజు పళ్ళెంలో కణాల మీద. ఎలుకల మీద. మనుషుల మీద. పళ్ళెంలో పసుపు గడ్డ కణాలను చంపింది. అది చదివిన రోజు పసుపు వరుసను పట్టికలో అన్నిటికంటే పైకి జరిపాను. తర్వాత చదివితే, తిన్న పసుపు నెత్తురులోకే సరిగా ఎక్కదట, ఇక మెదడు దాకా పోవడం మరీ కష్టమట. పళ్ళెం దాకా వచ్చినవి చాలా ఉన్నాయి. ఎలుకల దాకా కొన్ని. మనుషుల గడిలో రెండు మూడు చోట్ల తప్ప అంతా తెలుపే. ఆ రెండు మూడు చోట్ల కూడా కొద్దిమంది మీద చూసినవే, జబ్బు తగ్గిందని ఎవరూ తేల్చి చెప్పలేదు.

కోడుమూరు దాటినాక ఒక పల్లెలో పసరు ఇచ్చే పెద్దాయన ఉన్నాడంటే ఒక ఆదివారం అక్కడికి కూడా పోయాను. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచాను. కొర్ర కోసిన చేలు, దుమ్ము, ఎవరూ లేని దారి. పెద్దాయన వేపచెట్టు కింద మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను ఫిల్మొకటి తీసి చూపిస్తే దాన్ని సూర్యుడికి అడ్డం పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేం కాయప్పా, వాల్‌నట్టా?" అన్నాడు.

"మా మామ తలకాయ."

"శానా బాగా తీసినారే" అని ఫిల్ము తిరిగిచ్చాడు. "నేనిచ్చేది కామెర్లకు. తలకాయలో గడ్డకు నా తాత ఇచ్చేవాడంట. నేనెప్పుడూ ఇయ్యలా."

"ఇస్తే తగ్గుతుందా?"

"ఇయ్యలేదని చెప్తాండా కదప్పా. తగ్గుతాదని యా నోటితో చెప్పల్ల?"

అయినా నా చేతిలో పెన్ను చూసి జాలిపడ్డాడేమో, తాత చెప్పిన పథ్యం మాత్రం తడబడకుండా చెప్పాడు. చింతపండు వద్దు. వంకాయ వద్దు. గోంగూర వద్దు. నూనె వద్దు, తాళింపు వాసన కూడా తగలకూడదు. పాట పాడినట్టు చెప్పాడు. నేను రాసుకున్నాను. ఆ వరుసలో మిగతా గడులన్నీ ఖాళీ, పథ్యం గడి ఒక్కటే నిండుగా.

సిట్టింగులు మొదలయ్యే వారం ముందు ఆ పట్టికను అచ్చు తీసి రెండు చోట్ల ఇచ్చాను. ఒకటి డాక్టరమ్మకు. ఆమె నిలబడే చదివింది. ఆప్రికాట్ గింజల దగ్గర ఆగి, "ఇది విషం, తెలుసు కదా?" అంది. మాత్రలతో తగాదా పడే వాటి మీద అడ్డగీతలు పెట్టింది. మిగతా వాటిని చూసి, "వీటితో నయమవుతుందని నేను చెప్పలేను. నాకు చెప్పకుండా ఏదీ ఇవ్వకండి. అన్నం బాగా పెట్టండి" అంది. చివరి మాట వినీ విననట్టు విన్నాను. నేను ఎదురుచూసింది ఏదో ఒక వరుస పక్కన ఆమె టిక్కు పెడుతుందని.

రెండోది అత్తకు. "ఇంకా చూస్తున్నా. నేను చెప్పేదాకా ఏ మందూ ఇవ్వొద్దు" అని చెప్పి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని రాముడి పటం కింద పెట్టింది.

నేను పొద్దున ఆరున్నరకు ప్లాంటు బస్సెక్కితే సాయంత్రం ఏడుకు వచ్చేవాణ్ణి. తిండి మూడు పూటలా క్యాంటీన్లోనే. అత్త మామను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి తెచ్చేది. సోమవారం సోమవారం అక్కడ తూచిన బరువు చెప్తే నేను రాసుకునేవాణ్ణి. అరవై రెండు. అరవై పాయింట్ ఒకటి. యాభై ఎనిమిదిన్నర. తగ్గుతోందని కనిపిస్తూనే ఉంది. కారణం కోసం వెతికాను. మాత్రల వల్ల అరుగుదల చెడుతుందని ఒకచోట, గడ్డే శరీరాన్ని తినేస్తుందని ఇంకోచోట చదివాను. కంచం వైపు చూడలేదు. మామ కూడా ఏమీ అడిగేవాడు కాదు. ఆ నుదుటి వెనక మచ్చ మామలోంచి అడగడం అనేదాన్నే తీసేసింది. ఏదన్నా పెడితే తినేవాడు, పెట్టకపోతే నవ్వుతూ కూర్చునేవాడు.

పన్నెండు సిట్టింగులు అయ్యాయి. పదమూడో సిట్టింగు రోజు నేను ప్లాంటులో ఉండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మాస్కు వదులైంది. బిగించినా లోపల తల ఆడుతోంది. ఈ రోజు చేయడం కుదరదు. కొత్త అచ్చు తీయాలి, మళ్ళీ లెక్కలు వేయాలి, మూడు రోజులు పడుతుంది. "కొత్త మాస్కు కూడా ఇట్లాగే వదులైతే మొత్తం ఆపాల్సి వస్తుంది. ఇంట్లో ఏం తింటున్నాడు?" అని అడిగింది డాక్టరమ్మ. కనుక్కుని చెప్తానన్నాను.

సెలవు పెట్టి గదికి వచ్చేసరికి మూడున్నర. బొమ్మలు చాపల మీద నడుస్తున్నాయి. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా ఎవరో పెద్దవాళ్ళది తొడుక్కున్నట్టు ఉంది. చేతిలో కొబ్బరి ముక్క.

"అత్తా, మామ పొద్దున ఏం తిన్నాడు?"

"కీర దోసకాయ."

"మధ్యాహ్నం?"

"సొరకాయ రసం. ఇదో ఇప్పుడు కొబ్బరి తింటాండాడు."

"అన్నం?"

అత్త నా వైపు వింతగా చూసింది. "అన్నమేంది? వద్దని నువ్వే కదా రాసిండేది?"

రాముడి పటం కింది నుంచి కాగితాలు తీసింది. ఆరో గడి కింద ప్రతి మాటకూ పసుపు బొట్టు పెట్టి ఉంది. పక్కన ఇంకో కాగితంలో తన చేత్తో అన్నీ కలిపి రాసుకుంది. కొవ్వు మందుకు బియ్యం, రాగి, జొన్న, చక్కెర, పండ్లు వద్దు. పసరుకు చింతపండు, వంకాయ, నూనె వద్దు. పచ్చి తిండికి వండినవి వద్దు, ఉప్పు వద్దు. ఇంకోదానికి పాలు, పెరుగు, నెయ్యి వద్దు. మరోదానికి పప్పు దినుసులు వద్దు. ముప్పై ఏడు వరుసల పథ్యం, ఒక్క మనిషికి.

"నేను ఏ మందూ ఇవ్వొద్దన్నా కదత్తా!"

"మందు యాడిచ్చినా? ఒక్కటి గూడా ఇయ్యలా" అంది. గొంతు పెరిగింది. "ఏ మందో నువ్వు తేల్చల్ల. నువ్వు తేల్చినప్పుడు ఇస్తాం. పథ్యం ముందే పట్టింటే ఒళ్ళు సిద్ధంగా ఉంటాది కదా అని. పథ్యం తప్పితే మందు పారదు నాయినా. ఈడ తాళింపు వాసన తగలకూడదని నేనూ వండుకోలా. కొబ్బరి మీద ఎవురూ ఏమీ అనలా. అందుకే రోజుకొక చిప్ప ఇస్తాండా."

అప్పుడు ఆమె చేతులు చూశాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

నేను గచ్చు మీద కూర్చుండిపోయాను. మిగిలినవి లెక్కపెట్టాను: కీర, సొరకాయ, కొబ్బరి, నీళ్ళు. ఆ గడి పెట్టింది నేను. పెట్టినప్పుడు అది ఒక సమాచారం. మా ఇళ్ళల్లో పథ్యం అంటే సమాచారం కాదని, రాసి ఇస్తే పట్టాల్సిందేనని, అట్లాంటి ఇంట్లో పెరిగిన నాకు తట్టలేదు.

"ఇవన్నీ ఆపేయ్ అత్తా. ఇప్పుడే అన్నం వండు."

"అట్లెట్ల ఆపేది?" అత్త భయపడింది. "మధ్యలో పథ్యం చెడిపితే తిరగబెడతాది. మా నాయనకు అట్లనే అయింది. పథ్యం ఇచ్చినోడే ఇడిపించల్ల."

"ఎవరు ఇచ్చారు? ముప్పై ఏడు మంది దగ్గరికి పోవాలా?"

"ఎవురో ఎందుకిస్తారు? నువ్విచ్చినావు."

వాదించాలనుకున్నాను. పళ్ళెం, ఎలుకలు, మనుషులు అన్నీ నోటి దాకా వచ్చాయి. మామ కొబ్బరి ముక్కను తిప్పి తిప్పి చూస్తున్నాడు, ఏ వైపు నుంచి కొరకాలో మర్చిపోయినట్టు. బొమ్మలు అప్పటికే మంచం కోడు ఎక్కాయి.

"సరే. ఎట్లా విడిపించాలో చెప్పు" అన్నాను.

ఆమె చెప్పింది, నేను చేశాను. మామను తూర్పు ముఖంగా కూర్చోబెట్టాం. తలకు నూనె రాయాలంది. కిరణాలు పడే చోట నూనె తగలకూడదన్నాను. అయితే అరికాళ్ళకూ అరచేతులకూ చాలంది. రాశాను. మామ అరచేతి గీతల్లో పసుపు ఇంకా పోలేదు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో మెడ కిందికి స్నానం. ఆ తర్వాత, వద్దన్న వాటితోనే విడిపించాలంది. "ఏంటితో ఇడిపిస్తావు? నువ్వే చెప్పల్ల" అంది, నిజంగా నేనేదో తెలిసినవాణ్ణన్నట్టు కొంగు నడుముకు చుట్టి నిలబడి.

"సంగటి. నెయ్యి. చింతపండు వేసి వంకాయ పులుసు. ఉప్పు" అన్నాను. డాక్టరమ్మకు ఫోను చేసి చెప్తే, "పెట్టండి, కొంచెం కొంచెంగా, మెల్లగా" అంది. అది కూడా అత్తకు చెప్పాను. ఆమెకు డాక్టరమ్మ మాట కంటే నా మాటే ముఖ్యమైంది ఆ సాయంత్రం.

ఆవాలు చిటపటలాడాయి. మూడు వారాల తర్వాత ఆ గదిలో తాళింపు వాసన. రాగి సంగటి పొగలు కక్కుతూ గిన్నెలో తిరుగుతోంది, ఎండ గోడ మీదికి పోతోంది, మామ నుదురు, దాని వెనక మచ్చ, నెయ్యి వాసన, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మొదటి ముద్ద నా చేత్తో పెట్టాలంది. ముద్దకు గుంట చేసి, నెయ్యి పోసి, పులుసులో అద్ది మామ నోట్లో పెట్టాను. నమలలేదు, మింగాడు. సంగటి అట్లాగే తింటారు. రెండోది పెట్టాను. మూడోదానికి మామ నా చెయ్యి పక్కకు తోశాడు.

"నేనేమన్నా సంటిబిడ్డనా? ఇట్లా తే."

కంచం ఒళ్ళోకి లాక్కుని తనే తిన్నాడు. కొంచెం కొంచెంగా కాదు, మెల్లగా కాదు. "తాపీగా మామా, కడుపు తట్టుకోదు" అంటున్నా వినలేదు. సంగటి సగం అయినాక తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. కోపం లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

"ఇన్ని దినాలు మీరంతా యాడికి పోయింటిరి?"

అత్త స్టవ్వు వైపు తిరిగిపోయింది. ఇంకొంచెం నెయ్యి పోశాను. అత్తకు కూడా ఒక కంచంలో పెట్టి ఇచ్చాను. ఆమెకూ నేనే విడిపించాలేమో అని ఒక ముద్ద చేసి చాపితే, "పో అబ్బోడా" అని ఏడుస్తూ నవ్వి, తనే తిన్నది.

మరుసటి రోజు మామను ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. జరిగింది జరిగినట్టు డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ పట్టికలో ఇంకో గడి పెట్టాల్సింది. ఈ రోజు ఏం తిన్నాడు అని" అంది. కొత్త అచ్చుకు పలకను వేడి నీళ్ళలో వేశారు. గట్టి ప్లాస్టిక్ తడి గుడ్డలా వంగి, మామ మొహం మీదికి దిగి, ముక్కూ బుగ్గలూ గడ్డమూ తనలోకి తీసుకుంది. అద్దం అవతలి నుంచి చూస్తూ నిలబడ్డాను. మామ ఆ వల కింద నిద్రపోయాడు.

మూడు రోజులు లెక్కలకు పోయాయి. ఆ మూడు రోజులూ సెలవు పెట్టి గదిలోనే ఉన్నాను. మామ తిన్నది ప్రతి పూటా రాశాను. పట్టికలో కొత్త వరుసలు వేయలేదు. పొద్దున ఫోన్లు వచ్చినా, వీడియోలు వచ్చినా, అత్త నాకు పంపకుండా తనే చూసి పక్కన పెట్టేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం మామను మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి, మాస్కు బిగించారు. తల ఆడుతోందా అని అడిగాను. టెక్నీషియను బొటనవేలెత్తి చూపించాడు. తలుపు మూసుకుంది. ఎర్ర దీపం వెలిగింది. బయట బెంచీ మీద అత్త, నేను, మాతోబాటు ఇంకా ఎవరెవరివో తలల కోసం ఎదురు చూసేవాళ్ళు. ఏసీ గాలికి అందరికీ కునుకు పట్టింది. నేను మాత్రం మేలుకుని ఎర్ర దీపాన్ని చూస్తూ కూర్చున్నాను.

కొత్త మాస్కుతో మిగిలిన సిట్టింగులు మధ్యలో ఆగకుండా జరిగాయి, పద్దెనిమిదీ.